‘సడలింపు’: కర్ఫ్యూలో చిక్కిన ఒక కుటుంబంపై లఘుచిత్రం – ప్రాజెక్టు డైరీ

1990 డిసెంబరులో హైదరాబాద్ పాతబస్తీలో మతఘర్షణలు చెలరేగి వందమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. బట్టను బిగించే కార్చోబ్ అనే చెక్క చట్రం మీద మగ్గం పని, అంటే ఎంబ్రాయిడరీ, చేసుకుని బతికే ఒక ముస్లిం కుటుంబం ఆ రోజుల్లో ఇంట్లోనే చిక్కుకుపోవడం మా లఘుచిత్రం కథ. డిసెంబరు 8 శనివారం సాయంత్రం మొదలై 10 సోమవారం మధ్యాహ్నం ముగుస్తుంది. కెమెరా ఆ ఇంటి గడప దాటదు. తక్కువ డబ్బుతో ఇటువంటి కథ తీయదలచుకున్నవారికి పనికివచ్చేవి బెడిసికొట్టిన పనులూ వాటిని సరిదిద్దిన తీరూ కనుక, నటీనటుల ఎంపిక వంటివి వదిలేసి అవి మాత్రమే రాస్తున్నాను.

దశ 1: స్క్రిప్టు

మొదటి ప్రతి 31 పేజీలు వచ్చింది. అందులో తలుపు బద్దలుకొట్టుకుని నలుగురు మనుషులు ఇంట్లోకి దూసుకువచ్చే సన్నివేశం ఉండేది. వాళ్ళకు ముఖాలు, మాటలు, ఒక నినాదం కూడా రాశాం. ఆ ప్రతిని రెండు వేర్వేరు బృందాలకు చదివి వినిపించినప్పుడు, రెండుచోట్లా చర్చ ఆ నినాదం దగ్గరే ఆగిపోయింది. ముందు రాయి విసిరింది ఎవరు, ఈ దర్శకుడు ఎవరి పక్షం అన్న వాదన సాగిందే తప్ప, ఇంట్లో మిగిలిన బియ్యం ఎన్ని, పాప ఎక్కడ దాక్కుంది అన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

ఎవరి మతమూ చెప్పకుండా తీస్తే సరిపోతుందని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. అది మాకు నచ్చలేదు. అల్లరిమూక మనిషిని ఆపి ముందుగా అడిగేది పేరే అయినప్పుడు, ఆ పేరునే దాచిన కథ అబద్ధమవుతుంది. కుటుంబం పేర్లు, దక్కనీ (హైదరాబాదీ ఉర్దూ) మాట, దాదీ (నానమ్మ) నమాజు, గోడకవతలి ఇంటి తులసికోట అన్నీ ఉంచి, మూక ముఖాలను మాత్రమే తీసేశాం. రెండో ప్రతిలో ఇరువైపులా ఎంత నష్టం జరిగిందో తండ్రి లెక్కచెప్పే సంభాషణ ఒకటి చేరింది. అది కూడా పోయింది, ఎందుకంటే తలుపు వేసుకుని కూర్చున్న మనిషికి ఆ లెక్క తెలిసే దారి లేదు. అక్కడి నుంచి మాకు ఒక నియమం ఏర్పడింది: రేడియో, గోడ, వెంటిలేటరు, తలుపు సందు ద్వారా ఇంట్లోవాళ్ళకు ఎంత తెలుస్తుందో సినిమాకూ అంతే తెలియాలి. తరవాతి దశల్లో మేము తీసుకున్న నిర్ణయాలు దాదాపు అన్నీ ఈ నియమం నుంచే పుట్టాయి.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. ఎం.ఎస్.సత్యు 1973లో తీసిన ‘గరమ్ హవా’లో విభజన కాలపు హింస ఆగ్రాలోని ఒక చెప్పుల వ్యాపారి ఇంటికి ఎక్కువగా అప్పు పుట్టకపోవడంగా, హవేలీ చేజారడంగా, ఒక్కొక్కరే రైలెక్కి వెళ్ళిపోవడంగా చేరుతుంది. డబ్బు లేక చిత్రీకరణ సమయంలో మాటలు రికార్డు చేయలేదు, అంతా తరవాత డబ్బింగు చేసుకున్నారు. దానికి ఛాయాగ్రహణం చేసిన ఇషాన్ ఆర్యే ఆ వెంటనే మన ‘ముత్యాల ముగ్గు’ తీసి జాతీయ పురస్కారం అందుకున్నారని తెలిసి మా కెమెరామన్ చాలా సంబరపడ్డాడు.

అన్నిటికంటే మొండికేసినది పొరుగింటి సన్నివేశం. పక్కింటి రాజమ్మ గోడ మీదుగా కిరోసిను సీసా అందించడం, ఇద్దరు ఆడవాళ్ళూ కళ్ళనీళ్ళు పెట్టుకోవడం మొదట రాసుకున్నది. చదివితే పాఠ్యపుస్తకంలోని సమైక్యతా పాఠంలా ఉంది. ఇప్పుడున్న రూపంలో రాజమ్మ సీసా అందిస్తూ, “గట్టిగ మాట్లాడకుండ్రి వదినా, మా ఆయన భయపడుతుండు” అంటుంది. మర్నాడు పొద్దున్నే ఖాళీ సీసా తిరిగి ఇమ్మని గోడ మీద తడుతుంది. సాయమూ భయమూ ఒకే మనిషిలో ఉండటం వల్ల ఆ పాత్ర నిలబడింది.

స్క్రిప్టును ఇలా పరీక్షించుకోవచ్చు:

1. కథ తెలియనివారికి పూర్తిగా చదివి వినిపించండి, మధ్యలో వివరించవద్దు.
2. చదివిన వెంటనే అభిప్రాయం అడగకుండా, ఇంట్లో ఎవరెవరు ఉన్నారో చెప్పమనండి.
3. కుటుంబ సభ్యుల పేర్ల కంటే నినాదం ఎక్కువ గుర్తున్నట్లయితే ఆ పేజీని తిరగరాయండి.

*ఇప్పటివరకు: స్క్రిప్టు 24 పేజీలు. ఖర్చు రూ. 11,500.*

దశ 2: ఇల్లు, వస్తువులు

పాతబస్తీ గల్లీలోనే తీయాలన్న ఆలోచనను మానుకున్నాం. తలుపులు బాదే చప్పుడు, పరుగులు, కేకలు రాత్రిపూట అక్కడ వినిపిస్తే అవి సినిమావని తెలిసేలోపు పుకారు నాలుగు వీధులు దాటుతుంది. నగరం వెలుపల, చుట్టూ ఖాళీ స్థలం ఉన్న ఒక పాత పెంకుటింటిని అద్దెకు తీసుకున్నాం. ప్రైవేటు ఇల్లే అయినా పోలీస్ స్టేషనులో తేదీలతో సహా లేఖ ఇచ్చి, ముద్ర వేయించిన నకలు దగ్గర పెట్టుకున్నాం.

కెమెరా బయటికి వెళ్ళకపోవడం వల్ల 1990 నాటి వాహనాలు, దుకాణాల బోర్డులు వెతుక్కునే శ్రమ తప్పింది. ఇంట్లోపలి వస్తువులే ఇబ్బంది పెట్టాయి. ఎల్‌ఈడీ బల్బులు తీసి 40 వాట్ల బల్బులు, స్టార్టరుతో వెలిగే ట్యూబులైటు పెట్టాం. తెల్లటి మాడ్యులర్ స్విచ్చుల స్థానంలో చెక్కపలక మీద బిగించిన నల్లటి గుండ్రటి స్విచ్చులు దొరికాయి. రూపాయి గుర్తు 2010లో వచ్చింది కాబట్టి సరుకుల చీటీ మీద ‘రూ.’ అనే రాయించాం. గాంధీ బొమ్మ నోట్ల వరుస 1996లో మొదలైంది గనుక నోట్లు కనిపించే షాట్లలో అశోకస్తంభం ఉన్న పాత నోట్లే వాడాం. గోడ క్యాలెండరుకు ఒక సులువు ఉంది: 1990లోని తేదీలు, వారాలు 2001, 2007, 2018 క్యాలెండర్లతో సరిగ్గా కలుస్తాయి. తిథులు కలవవు కాబట్టి క్యాలెండరును దగ్గరగా చూపకూడదు.

కార్చోబ్ దగ్గర రెండు చిక్కులు వచ్చాయి. మూడు రోజుల కథలో బట్ట మీద పని క్రమంగా పెరగాలి, మేమేమో సన్నివేశాలను వరుస తప్పి తీస్తాం. ఒకే నమూనాతో మూడు ముక్కలు కుట్టించి, ఒకటి పావు వంతు, ఒకటి సగం, ఒకటి ముప్పావు వంతు పూర్తయ్యేలా ఉంచుకున్నాం. రెండో చిక్కును కుట్టుపని నేర్పడానికి వచ్చిన కారీగరు పట్టుకున్నాడు. మా నటి కుడిచేత్తో ఆరి సూదిని (కొక్కెం మొన ఉన్న సూది) చక్కగా దించుతోంది గాని, చట్రం కింద దారం అందించవలసిన ఎడమచెయ్యి ఒళ్ళో ఊరికే పడి ఉంది. “కింది చెయ్యి పని చెయ్యకుంటే పైచెయ్యికి ఏం దొరుకుతది మేడమ్?” అన్నాడాయన. చట్రం పక్కన నేల మీద కెమెరా పెట్టి ఆ కింది చేతినే దగ్గరగా తీసిన షాటు చివరికి సినిమాలో నిలిచింది, పైచేతి షాట్లు సగం పోయాయి.

పాలలో విషం కలిపారన్న పుకారు ఎన్నో ఊళ్ళ అల్లర్ల కథనాల్లో వినిపిస్తుంది. మా కథలోనూ తల్లి కాచిన పాలను ఎవరికీ పోయకుండా పొయ్యి పక్కనే ఉంచుతుంది, మర్నాటికి అవి విరిగిపోతాయి. నిమ్మరసం పిండి విరగ్గొడితే పనీరుకు చేసినట్టు పెద్ద గడ్డలు, పచ్చటి నీళ్ళు వచ్చాయి. వాటిని చూస్తే ఎవరో కావాలని విరిచారని తెలిసిపోతుంది. ముందురోజు పాలను బయటే ఉంచి, సన్నని మంట మీద మళ్ళీ కాచినప్పుడు రవ్వ రవ్వగా విడిపోయి, గిన్నె అంచున పసుపురంగు చార కట్టింది. అదే తీశాం.

*ఇప్పటివరకు: అద్దె రూ. 36,000, వస్తువులు రూ. 41,000. మొత్తం ఖర్చు రూ. 88,500.*

దశ 3: వెలుతురు, కెమెరా

రాత్రి సన్నివేశాలకు కిటికీలోంచి నీలిరంగు వెన్నెల పడేలా మొదట అమర్చాం. పాత పంచాంగం చూస్తే ఆ ఏడాది డిసెంబరు 2న పౌర్ణమి, 8, 9 తేదీల నాటికి చంద్రుడు ఉదయించేది దాదాపు అర్ధరాత్రికి. మా రాత్రి సన్నివేశాలన్నీ పన్నెండులోపువే. నీలిరంగు లైటు కట్టిపెట్టాం. దానితో లాంతరు ఒక్కటే దిక్కయింది.

1. నిజమైన లాంతరు ముఖానికి చాలినంత కాంతి ఇవ్వలేదు, ఒత్తి పెంచితే చిమ్నీకి మసి పట్టింది.
2. చిమ్నీ లోపల, కెమెరాకు కనిపించని వైపున, 2,000 కెల్విన్‌కు దగ్గరగా ఉండే, అంటే లాంతరు మంటలా పసుపు వెలుగునిచ్చే, చిన్న ఎల్‌ఈడీ ముక్కను అంటించి, ఒత్తిని సన్నగా వెలగనిచ్చాం.
3. కెమెరా వైట్ బ్యాలెన్సును (ఏ వెలుగును తెలుపుగా లెక్కించాలో చెప్పే అమరికను) 3,200 కెల్విన్ దగ్గర ఉంచితే లాంతరు వెలుగులోని పసుపుదనం పోలేదు.

ట్యూబులైటు వెలిగే సాయంత్రపు సన్నివేశంలో తెర మీద చారలు పాకాయి. సెకనుకు 24 ఫ్రేములు, 180 డిగ్రీల షట్టరు (ఒక్కో ఫ్రేముకు సెకనులో 48వ వంతు సేపు వెలుతురు) మన 50 హెర్ట్జ్ కరెంటుతో పొసగవు. షట్టరును 172.8 డిగ్రీలకు, అంటే సెకనులో యాభయ్యో వంతుకు మార్చగానే చారలు పోయాయి. ఇది తెలిసిన విషయమే గాని, ఎల్‌ఈడీలకు అలవాటుపడిన మా బృందంలో ఎవరికీ వెంటనే తట్టలేదు.

గల్లీ చివర ఇల్లు తగలబడుతున్నట్టు వెంటిలేటరులోంచి తెలియాలి. నారింజరంగు జెల్ (రంగు ప్లాస్టిక్ కాగితం) కట్టిన ఒకే లైటును పెంచుతూ తగ్గిస్తూ ఉంటే పెళ్ళి బరాతులోని లైట్లలా మెరిసింది. రెండు లైట్లను వేర్వేరు లయల్లో, ఒకటి నెమ్మదిగా, ఒకటి వడిగా కదిలిస్తూ, వాటి కాంతిని నేరుగా కాకుండా ముతక దుప్పటి మీద పడేసి వెనక్కి కొట్టించాం. మధ్యలో ఒకరు తడిబట్టను అటూ ఇటూ ఆడిస్తే పొగ అడ్డుపడినట్టు వచ్చింది. టైర్లు కాల్చుదామన్న ప్రతిపాదనను ఆరోగ్యం దృష్ట్యా మొదటే తోసిపుచ్చాం.

దశ 4: పాపతో పని

2016లో సవరించిన బాలకార్మిక చట్టం, దానికింద 2017లో వచ్చిన నియమాల ప్రకారం పిల్లలతో తీయడానికి జిల్లా మేజిస్ట్రేటు అనుమతి కావాలి. రోజుకు ఐదు గంటలకు మించి, విరామం లేకుండా మూడు గంటలకు మించి పని చేయించకూడదు. వచ్చిన ఆదాయంలో కనీసం 20 శాతాన్ని పాప పేర ఫిక్స్‌డ్ డిపాజిట్టు చేయాలి. కాగితాలకు పట్టిన సమయాన్ని షెడ్యూలులో ముందే కలుపుకోండి.

తలుపు బాదుతుంటే తొమ్మిదేళ్ళ పాప చూసే చూపు కావాలి. సెట్టులో తలుపును నిజంగానే తట్టించినప్పుడు ఆ పిల్ల భయపడిపోయింది. అక్కడే ఆపేశాం, ఆ ముక్కను ఉంచుకోలేదు కూడా. తరవాత చప్పుడేమీ లేకుండా, “తలుపు పైన గోడ మీద బల్లి ఉందేమో కనిపెట్టు, కదలకుండా చూడు” అని వాళ్ళమ్మ చేత చెప్పించాం. బల్లిని వెతుకుతూ పాప ఊపిరి బిగబట్టి, కళ్ళను మెల్లగా గడియ దాకా దించింది. చప్పుడును కూర్పులో చేర్చాక ఆ చూపుకు వేరే వివరణ అక్కర్లేకపోయింది. మూక కేకలు వినిపించే రోజున పాపను చిత్రీకరణకు పిలవలేదు.

*ఇప్పటివరకు: కెమెరా, లెన్సులు రూ. 48,000, లైట్లు రూ. 22,000, నటీనటులు రూ. 60,000, భోజనాలు, ప్రయాణాలు రూ. 39,000. మొత్తం ఖర్చు రూ. 2,57,500.*

దశ 5: శబ్దం

సినిమా సగం ఇక్కడే తయారైంది. ఈ కథలో హింస చెవికి మాత్రమే అందుతుంది, కాబట్టి శబ్దం అతకకపోతే మిగిలినదంతా నాటకంలా తోస్తుంది.

మూక గోల కోసం ముందు శబ్దాల భాండారంలోంచి కొన్నవి వాడి చూశాం. అవి ఫుట్‌బాల్ మైదానాల్లో పుట్టినవి, వాటి అరుపుల ఎత్తుపల్లాలు మన వీధులవి కావు. తరవాత ఒక ఖాళీ ఫంక్షన్ హాలులో తొమ్మిదిమందిని నిలబెట్టి, మాటలు లేని కేకలు వేయించాం. నినాదం ఒక్కటి కూడా పలకనివ్వలేదు. స్క్రిప్టు దశలో తీసేసినది ఇక్కడ వెనకదారిన రాకూడదు, పైగా అటువంటి రికార్డింగు ఎవరి చేతిలోనైనా పడి ఊరంతా తిరిగే ప్రమాదమూ ఉంది. ఆ తొమ్మిది గొంతుల్ని వందలమందిగా మార్చిన విధానం:

1. ఒకే బృందాన్ని మైకుకు 3, 8, 15 మీటర్ల దూరాల్లో విడివిడిగా రికార్డు చేశాం.
2. ప్రతి పొరనూ రెండేసి నకళ్ళు తీసి, స్వరాన్ని ఒకదానిలో కొద్దిగా పెంచి, ఒకదానిలో తగ్గించాం.
3. పొరల మధ్య 40 నుంచి 90 మిల్లీసెకన్ల ఎడం ఉంచాం, అంతకంటే తగ్గితే గొంతులు ఒకే మనిషివిగా కలిసిపోయాయి.
4. మధ్యలో ఎవరిదైనా గొంతు గుర్తుపట్టేలా పైకి తేలితే ఆ ముక్కను కోసేశాం.

ఇంత చేసినా గోల ఇంటి బయట లేదు, తెర మీద ఉంది. ఎక్కువ పౌనఃపున్యాలను ఫిల్టరుతో తగ్గించి చూస్తే దుప్పటి కప్పినట్టు మూగగా అయింది. పరిష్కారం కంప్యూటరులో దొరకలేదు. కలిపిన గోలను ఆ ఇంటి వాకిట్లోనే, చుట్టుపక్కల ఎవరూ లేరని నిర్ధారించుకుని, పట్టపగలు స్పీకరులో వినిపించి, లోపలి గదిలో మైకు పెట్టి మళ్ళీ రికార్డు చేశాం. ఫోనులోని మీటరు ప్రకారం తలుపు బయట 78 డెసిబెళ్ళు, లోపల 58. ఆ మీటరును పూర్తిగా నమ్మలేం గాని, తేడా ఎంతన్నది తెలుసుకోవడానికి సరిపోతుంది. తలుపు సందులోంచి వచ్చే సన్నని ధ్వని, పెంకుల్లోంచి దిగే లోతైన ధ్వని విడివిడిగా వినిపించాయి, దానితో గోల ఒక్కసారిగా వీధిలోకి వెళ్ళిపోయింది.

దూరం తెలియడానికి ఒక చిన్న లెక్క వాడాం. ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది, అంటే 24 ఫ్రేముల సినిమాలో ఒక ఫ్రేముకు 14 మీటర్లకు కాస్త ఎక్కువ. గల్లీ చివర 150 మీటర్ల దూరంలో ఏదైనా పేలితే వెంటిలేటరు ఎర్రబడిన 10, 11 ఫ్రేముల తరవాత చప్పుడు రావాలి. పెద్దవీధిలో 400 మీటర్ల దూరంలో అయితే 28 ఫ్రేములు. రెండూ ఒకేసారి వచ్చిన పాత కూర్పులో పేలుడు ఇంటి కప్పు మీదే జరిగినట్టుంది. ఎడం పెట్టాక, వెలుగు కనిపించిన క్షణానికీ చప్పుడుకూ మధ్య నటి ఊపిరి ఆగడం కూడా వినిపించింది. రెండో రాత్రి ఈ ఎడాన్ని 28 నుంచి 18కి, 18 నుంచి 10కి తగ్గించాం. మూక దగ్గరపడుతోందని ఎవరూ నోటితో చెప్పవలసిన అవసరం రాలేదు.

తలుపు బాదే చప్పుడుకు ఇంటి యజమాని తలుపును కొట్టలేం. ప్లైవుడ్ పలక డప్పులా మోగింది. పాత కలప అమ్మేచోట దొరికిన టేకు పలకను ద్వారబంధానికి ఆనించి, ఇనుప గడియ బిగించి కొట్టాం. అయినా బెదురు పుట్టించినది ఆ దెబ్బలు కాదు, వాటి తరవాత గొళ్ళెం గొలుసు కాసేపు ఊగుతూ చేసే చిరుచప్పుడు. అందుకే దెబ్బల మోతను 6 డెసిబెళ్ళు తగ్గించి, గొలుసుకు విడిగా మైకు పెట్టి దానిని పైకి తెచ్చాం.

రేడియో వార్తలను మేమే రాసుకుని చదివించాం, ఆకాశవాణి రికార్డింగు వాడలేదు. పాత ట్రాన్సిస్టరు లోపల చిన్న స్పీకరు పెట్టి వినిపించి, 200 నుంచి 4,500 హెర్ట్జ్ మధ్య భాగాన్నే ఉంచితే మీడియం వేవ్ గొంతు వచ్చింది. ఇటువంటి బులెటిన్లు రాసేవారు పదవుల తేదీలు సరిచూసుకోవాలి. మా కథ జరిగే రోజుల్లో ముఖ్యమంత్రి మర్రి చెన్నారెడ్డి, నేదురుమల్లి జనార్దనరెడ్డి బాధ్యతలు చేపట్టినది అదే నెల 17న.

*ఇప్పటివరకు: శబ్దానికి రూ. 34,000. మొత్తం ఖర్చు రూ. 2,91,500.*

దశ 6: కూర్పు

మొదటి కూర్పు 29 నిమిషాల 10 సెకన్లు, ఇప్పటిది 22 నిమిషాల 40 సెకన్లు. పోయిన ఆరున్నర నిమిషాల్లో ఎక్కువ భాగం ఏడుపు, ప్రార్థన, ఒకరినొకరు ఓదార్చుకోవడం. కథకు అసలు బిగువు రెండు గంటల కర్ఫ్యూ సడలింపులో ఉంది: కూలి డబ్బుల కోసం కార్ఖానాకు వెళ్ళిన తండ్రి తిరిగివస్తాడా లేదా. ఆ రెండు గంటలను గడియారం ముల్లు చూపిస్తూ నడిపిన కూర్పు ఉత్కంఠ సినిమాల ధోరణిలో పడింది. గడియారం షాట్లన్నీ తీసేసి, మైకుల్లో పోలీసు ప్రకటన, బియ్యం చెరిగే చప్పుడు, కార్చోబ్ మీద సూది, మళ్ళీ ప్రకటన అన్న వరుస పెట్టాం. తండ్రి రాక గురించి స్పష్టత ఇవ్వాలని పరీక్షా ప్రదర్శనలో సగంమంది కోరారు. ఇవ్వలేదు, ఆ ఇంట్లోవాళ్ళకు ఆ సోమవారం మధ్యాహ్నానికి తెలియదు.

దక్కనీ సంభాషణలకు తెలుగు ఉపశీర్షికలు వేశాం. ఒక్కో వరుస 35 అక్షరాలు దాటితే చదివేవారి చూపు ముఖాల మీది నుంచి పోయింది, అందుకని పొడవైన మాటలను రెండుగా విడగొట్టాం.

*ఇప్పటివరకు: కూర్పు, రంగుల సవరణ, ఉపశీర్షికలకు రూ. 28,000. మొత్తం ఖర్చు రూ. 3,19,500. సినిమా నిడివి 22:40.*

దశ 7: సర్టిఫికెట్

థియేటరులో ప్రదర్శించాలంటే లఘుచిత్రానికైనా సెన్సారు సర్టిఫికెట్ కావాలి. 1952 సినిమాటోగ్రాఫ్ చట్టంలోని 5బి సెక్షను, 1991 డిసెంబరు 6 నాటి మార్గదర్శకాలు మతవిద్వేషాన్ని ప్రోత్సహించే దృశ్యాలను, మాటలను అనుమతించవు. 2023 సవరణతో యూఏ వర్గం (పిల్లలు పెద్దల మార్గదర్శకత్వంలో చూడదగినది) 7, 13, 16 ఏళ్ళ వయసుల వారీగా విడిపోయింది. దరఖాస్తులో మేము 13 ఏళ్ళ వర్గం కోరుతున్నాం. కథ గురించి రాసే వివరణలో 1988 నాటి ‘తమస్’ కేసును ఉదహరిస్తున్నాం. దూరదర్శన్‌లో ఆ ధారావాహికను ఆపాలన్న పిటిషన్‌ను కొట్టేస్తూ, ఒక చిత్రం ప్రభావాన్ని స్థిరచిత్తం, ధైర్యం గల సామాన్య వివేకవంతుడి దృష్టితో కొలవాలే గాని, ప్రతిదానిలో ప్రమాదం చూసే చంచలుడి దృష్టితో కాదని సుప్రీంకోర్టు చెప్పింది. భారతీయ న్యాయ సంహితలో మతవర్గాల మధ్య శత్రుత్వం రెచ్చగొట్టడం, మతభావాలను గాయపరచడం గురించిన 196, 299 సెక్షన్లను కూడా మా న్యాయవాది చేత చదివించి, ప్రతి సంభాషణ పక్కనా ఆయన అభిప్రాయం రాయించుకున్నాం.

ఆయన గుర్తుపెట్టినది ఒక్క చోటే: పాల పుకారును ఎవరు మోసుకొచ్చారో చెప్పే రాజమ్మ మాట. అందులో ఒక వీధి పేరు ఉంది. నిజమైన వీధికి, కల్పిత పుకారుకు ముడిపెట్టడం ఎందుకని ఆయన అభ్యంతరం. వీధి పేరు తీసి “ఆ వైపు” అని మళ్ళీ డబ్బింగు చెప్పించాలి, పెదవులు కనబడకుండా ఆ రెండు సెకన్లకు కార్చోబ్ కింది చేతి షాటును కప్పుతున్నాం. ఆ తరవాత దరఖాస్తు సెన్సారు బోర్డు వారి ఈ-సినీప్రమాణ్ పోర్టల్‌లో దాఖలు చేస్తాం.